దిద్దుబాటే గురువు - వర్ధమాన రచయితలకు కొన్ని పాఠాలు

వడ్రంగి కొడుకు తండ్రి పక్కన కూర్చుని చిత్రిక పట్టడం నేర్చుకొంటాడు. నేతగాడి కూతురు తల్లి ఆసు పోస్తుంటే చూసి చూసి తానూ నేర్చుకొంటుంది. ఏ వృత్తికైనా అభ్యాసం అవసరమని ఒప్పుకొనే సమాజం రచన దగ్గరకు వచ్చేసరికి మాత్రం అది పుట్టుకతో రావలసిన విద్య అంటుంది. సరస్వతీ కటాక్షం ఉన్నవాడు రాస్తాడు, లేనివాడు చదువుతాడు అని తేల్చివేస్తుంది.

ఈ నమ్మకం వల్ల నష్టపోయేది ఎవరు? ఇంట్లో పుస్తకాల బీరువా ఉన్నవాడు కాదు. తండ్రి వేలిముద్ర వేస్తుండగా తాను మొదటిసారి సంతకం చేసిన పిల్లవాడు, పొలం పనుల నుంచి వచ్చి దీపం ముందు కూర్చుని నోటుపుస్తకం తెరిచిన అమ్మాయి నష్టపోతారు. తమ ఊరి మాట పుస్తకానికి తగదనీ, తమ బ్రతుకులో రాయదగినది ఏమీ లేదనీ వారు మొదటి పేజీలోనే అనుకొంటారు. వారు కలం కింద పెట్టినందువల్ల ఒక ఊరి కథ, ఒక వృత్తి కథ, ఒక్కొక్కప్పుడు ఒక తరం కథ చెప్పేవారు లేక మిగిలిపోతుంది. కనుక రచన నేర్చుకోదగిన విద్య అని నిరూపించడం కేవలం సాహిత్య విషయం కాదు.

భారతీయ భాషలలో పేరెన్నికగన్న రచయితల జీవితాలను పరిశీలిస్తే ఇందుకు సాక్ష్యాలు సమృద్ధిగా లభిస్తాయి.

చదువు మొదటి మెట్టు

ప్రేమ్‌చంద్‌గా ప్రసిద్ధుడైన ధనపత్‌రాయ్ 1880లో కాశీకి సమీపంలోని లమ్హీ గ్రామంలో జన్మించాడు. బాల్యంలో గోరఖ్‌పూర్‌లో చదివే రోజులలో నవలలు కొనే స్తోమత ఆయనకు లేదు. ఒక పుస్తకాల దుకాణదారుతో ఒప్పందం కుదుర్చుకొన్నాడు. పాఠ్యపుస్తకాల గైడ్లను బడికి తీసుకుపోయి పిల్లలకు అమ్మిపెట్టడం, అందుకు ప్రతిఫలంగా దుకాణంలోని నవలలు చదువుకోవడం ఆ ఒప్పందం. ఉర్దూలోని మాయాజాల కథలను ఆయన ఆ వయస్సులోనే మూటలకొద్దీ చదివాడు. తరువాతి కాలంలో రైతు జీవితాన్ని అంత ఒడుపుగా కథగా మలచగలిగిన చేతికి కథ నడిపే నేర్పు ఆ చదువు నుంచి కూడా వచ్చింది.

అయితే రచయిత చదువు వేరు, కాలక్షేపపు చదువు వేరు. కథ బాగున్నదనిపించినప్పుడు ఆగి, ఎందుకు బాగున్నదని ప్రశ్నించుకోవాలి. కథ ఎక్కడ మొదలైంది? పాత్ర పేరు ఎన్నో వాక్యంలో వచ్చింది? దుఃఖాన్ని రచయిత పేరుపెట్టి చెప్పాడా, చూపించాడా? ఒక మంచి కథను ఈ విధంగా నాలుగుసార్లు చదవడం నాలుగు కథలను ఒక్కొక్కసారి చదవడం కంటే మేలు. నచ్చిన పేరాను స్వదస్తూరితో నకలు రాసుకొనే అలవాటు మన పెద్దలలో ఉండేది. కన్ను దాటవేసే విరుపులను చెయ్యి పట్టుకొంటుంది కాబట్టి ఆ అలవాటు నేటికీ పనికివచ్చేదే.

ఏ భాషలో రాయాలి?

గురజాడ అప్పారావు మొదట ఇంగ్లీషులో కవిత్వం రాశారు. 1883లో ఆయన రచించిన 'సారంగధర' అనే ఇంగ్లీషు కావ్యం కలకత్తా నుంచి వెలువడే 'రీస్ అండ్ రయ్యత్' పత్రిక సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ దృష్టిని ఆకర్షించింది. ఆయన దానిని మెచ్చుకొని తన పత్రికలో పునర్ముద్రించారు. మెచ్చుకోవడంతో ఆగక, పరాయి భాషలో ఎంత రాసినా రావలసిన పేరు రాదనీ, శక్తిని మాతృభాషకు వినియోగించమనీ సలహా ఇచ్చారు. విజయనగరంలోని తెలుగు యువకుడికి తెలుగులో రాయమని చెప్పినవాడు ఒక వంగదేశీయుడు కావడం విశేషం.

ఈ సలహా నేటి యువ రచయితకు మరొక రూపంలో వర్తిస్తుంది. తెలుగులోనే రాస్తున్నా, తన నోట ఎన్నడూ పలకని తెలుగులో రాసేవారు చాలామంది ఉన్నారు. శ్రీకాకుళం వాడు గుంటూరు మాటను, కరీంనగర్ వాడు రాజమండ్రి మాటను అరువు తెచ్చుకొని, ఆ అరువు సొమ్ము ఎక్కడ జారిపోతుందో అన్న భయంతో ప్రతి వాక్యాన్నీ బిగబట్టి రాస్తారు. సొంత మాటలో తప్పు చేసినా దిద్దుకోవచ్చు. అరువు మాటలో ఏది తప్పో కూడా తెలియదు.

నిత్యాభ్యాసం

మహాత్మాగాంధీ 1909లో ఇంగ్లండు నుంచి దక్షిణాఫ్రికాకు తిరిగి వెళ్తూ, 'కిల్డోనన్ కాసిల్' అనే ఓడలో 'హింద్ స్వరాజ్' గ్రంథాన్ని గుజరాతీలో రచించారు. నవంబరు 13న ప్రారంభించి 22న ముగించారు. రాతప్రతి 275 పుటలు. కుడిచెయ్యి అలసిపోయినప్పుడు ఎడమచేత్తో రాశారు. అలా రాసినవి దాదాపు 40 పుటలు. ఈ ఉదంతం విన్న యువకులు దానిని ఆవేశానికి ఉదాహరణగా తీసుకొంటారు. కాని ఆ పదిరోజుల వెనుక ఏళ్ళ తరబడి సాగిన సాధన ఉన్నది. 1903లో ప్రారంభమైన 'ఇండియన్ ఒపీనియన్' పత్రికకు ఆయన వారం వారం రాస్తూ వచ్చారు. ఆలోచించకుండా ఒక్క మాటైనా వాడకూడదన్న నిగ్రహాన్ని ఆ పత్రిక తనకు నేర్పిందని ఆత్మకథలో చెప్పుకొన్నారు. పదిరోజులలో గ్రంథం పూర్తికావడానికి ఆ ఆరేళ్ళ అలవాటు తోడ్పడింది.

రవీంద్రనాథ్ ఠాగూరు అభ్యాసం మరొక రకం. జమీందారీ వ్యవహారాల నిమిత్తం పద్మానది మీద పడవలో తిరిగే రోజులలో ఆయన తన అన్న కుమార్తె ఇందిరాదేవికి ఉత్తరాలు రాసేవారు. ఒడ్డున కనిపించిన పల్లె, రేవులో దిగిన మనుష్యులు, వరద నీటి రంగు, అన్నీ ఆ ఉత్తరాలలోకి వచ్చాయి. 1890ల నాటి ఆయన కథానికలకు ముడిసరుకు చాలావరకు ఈ చూపే. ఉత్తరం రాయడం కూడా రచనాభ్యాసమే అనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

కనుక రోజుకు అరగంట చాలు. కాని అది ప్రతిరోజూ ఉండాలి. రాయడానికి ఏమీ తోచనినాడు ఆనాడు చూసినదాన్ని పది వాక్యాలలో రాయవచ్చు. బస్సులో వినిపించిన సంభాషణ, సంతలో బేరం, ఆసుపత్రి వరండాలో ఎదురుచూపు, ఏదైనా సరే.

పేరు పెట్టడం కాదు, చూపడం

ఒక యువ రచయిత తన ఊరి కరవును గురించి ఇలా ప్రారంభించాడనుకొందాం: "కరవు కాలమున ప్రజలు అనేక కష్టనష్టాలకు గురియై మిక్కిలి దుర్భరమైన జీవితాన్ని గడిపారు." వ్యాకరణరీత్యా ఇందులో దోషం లేదు. కాని ఈ వాక్యం ఏ ఊరికైనా, ఏ సంవత్సరానికైనా సరిపోతుంది. అన్ని తలుపులకూ పట్టే తాళంచెవి ఏ ఇంటిదీ కాదు.

అతడే కొంతసేపు కళ్ళు మూసుకొని, తాను చూసినదేమిటో గుర్తుకు తెచ్చుకొని తిరిగి రాశాడు: "ఆ ఏడు ఆరుద్ర కార్తెలో పడ్డ చినుకే ఆఖరు. శ్రావణం వచ్చేసరికి ఊరబావిలో చేద నీటికి బదులు రాతిని తాకి మోగింది. సుబ్బమ్మ ఆవు నుదుట బొట్టు పెట్టి, పలుపు పట్టుకొని సంత దారి పట్టింది." ఇందులో కష్టం అన్న మాట లేదు, దుర్భరం అన్న మాట లేదు. అయినా కరవు కనిపిస్తున్నది. వినిపిస్తున్నది కూడా. మొదటి వాక్యం రాసినవాడూ రెండవది రాసినవాడూ ఒక్కడే. పుట్టుకతో వచ్చిన ప్రతిభ మధ్యలో పెరగలేదు. అతడు చేసినదల్లా తిరిగి చూడడం, తిరిగి రాయడం.

కచ్చితమైన మాట విలువ కథలకే పరిమితం కాదు. విరేచనాలతో నీరసించిన పసిబిడ్డకు ఇంట్లో చేసుకొనే ద్రావణం గురించి కరపత్రం రాసేవాడు "తగినంత ఉప్పు, చక్కెర కలిపిన నీటిని త్రాగించవలెను" అని రాస్తే చాలదు. లీటరు శుభ్రమైన నీటికి అంచుకు సమంగా ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు అని రాయాలి. కూరలో "తగినంత" అంటే ఇల్లాలికి తెలుస్తుంది. ఇక్కడ ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం. వాక్యంలోని అస్పష్టతకు వెల ఇంకొకరు చెల్లించవలసి వస్తుంది.

దిద్దుబాటు

హిందీ గద్యానికి నేటి రూపం రావడంలో మహావీర్ ప్రసాద్ ద్వివేది చేసిన కృషి అపారం. రైల్వే ఉద్యోగిగా ఉంటూనే సంస్కృతం, మరాఠీ, గుజరాతీ, బెంగాలీ, ఇంగ్లీషు భాషలలో పరిచయం సంపాదించిన ఆయన 1903 నుంచి 1920 వరకు అలహాబాదు నుంచి వెలువడే 'సరస్వతి' పత్రికకు సంపాదకత్వం వహించారు. వచ్చిన రచనలను ఆయన వాక్యం వాక్యం దిద్దేవారు. పదాన్ని మార్చేవారు, విభక్తిని సరిచేసేవారు, ఒక్కొక్కప్పుడు పేరాలకు పేరాలు తిరగరాసేవారు. ఆయన దిద్దిన రాతప్రతులను కాశీ నాగరీ ప్రచారిణీ సభ భద్రపరచింది. వ్రజభాషలో పద్యాలు రాస్తున్న యువకవి మైథిలీ శరణ్ గుప్తను ఖడీబోలీ వైపు మళ్ళించి, ఆయన కవితలను సంస్కరించి ప్రచురించినవారు ద్వివేదిగారే. ఆ దిద్దుబాట్లను అవమానంగా భావించి ఉంటే గుప్త అక్కడే ఆగిపోయేవారు. పాఠంగా స్వీకరించారు కనుక 1912లో 'భారత్ భారతి' రాసి దేశమంతటా కీర్తి గడించారు.

తనను తాను దిద్దుకోవడానికి గురజాడే ఉదాహరణ. 'కన్యాశుల్కం' నాటకం 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి ప్రశంసలు పొందింది. అంతటితో తృప్తిపడే అవకాశం ఆయనకు ఉన్నది. కాని 1909లో దానిని దాదాపు కొత్త నాటకమన్నంతగా తిరగరాసి, పెంచి ప్రకటించారు. నేడు తెలుగువారి నోళ్ళలో నానే మధురవాణి ఇంతగా ఎదిగినది ఈ రెండవ కూర్పులోనే. మరుసటి సంవత్సరం ఆయన ప్రకటించిన సుప్రసిద్ధ కథానిక పేరు 'దిద్దుబాటు' కావడం యాదృచ్ఛికమే అయినా, ఆ మాట ఆయన రచనా జీవితానికి సరిగ్గా అతికినట్లున్నది.

దిద్దుబాటు ఎలా చేయాలి? మొదటి సూత్రం, రాసిన వెంటనే దిద్దకూడదు. ఊరగాయకు మూడోనాడు తిరగకలిపే ఆచారం ఉన్నట్లే రచనకు కూడా కొంత విరామం కావాలి. వారం తరువాత చూస్తే, రాసినప్పుడు ముచ్చటగా తోచిన ఉపమానాలు కొన్ని వెలవెలబోయి కనిపిస్తాయి. రెండవ సూత్రం, బిగ్గరగా చదవాలి. ఊపిరి అందని చోట వాక్యాన్ని విరవాలి. వీలైతే పెద్ద చదువు చదవని మనిషికి చదివి వినిపించాలి. ఆయన ముఖంలో ఆసక్తి తగ్గిన చోటును గుర్తుపెట్టుకోవాలి. మూడవ సూత్రం, మొదటి పేరాను కొట్టివేసి చూడాలి. చాలా రచనలు నిజానికి రెండవ పేరాలో మొదలవుతాయి. మొదటిది రచయిత గొంతు సవరించుకోవడం మాత్రమే.

నాలుగవది క్రియలకు సంబంధించినది. "గ్రామంలో పాఠశాల భవన నిర్మాణం చేపట్టడం జరిగింది" వంటి వాక్యాలు కార్యాలయాల నుంచి పత్రికలలోకి, పత్రికల నుంచి కథలలోకి కూడా ప్రాకాయి. ఎవరు కట్టారు? వాక్యం చెప్పదు. "ఊరివాళ్ళు చందాలు వేసుకొని బడి కట్టుకొన్నారు" అని రాస్తే చేసిన మనుష్యులు పేజీ మీదకు వస్తారు. "పంట నష్టపరిహారం చెల్లించకపోవడం జరిగింది" అన్నప్పుడు తప్పు చేసినవాడు కూడా వాక్యం చాటున దాక్కొంటాడు. కర్తను దాచే వాక్యం శైలీదోషమే కాదు, సత్యదోషం కూడా.

అనువాదం అనే పాఠశాల

రచయితకు తన భాష లోతు తెలియాలంటే మరొక భారతీయ భాష నుంచి ఒక్క పుట అనువదించి చూడడం ఉత్తమ మార్గం. పదాలు సంస్కృతం నుంచి వచ్చినవే కదా, అనువాదమేమంత కష్టం అనుకొనేవారికి మొదటి పేజీలోనే పరీక్ష ఎదురవుతుంది. హిందీలో 'ఉపన్యాస్' అంటే నవల, తెలుగులో ఉపన్యాసం సభలో చేసేది. హిందీలో 'శిక్షా' అంటే విద్య, తెలుగులో శిక్ష వేరే సంగతి. హిందీ 'అవసర్' అవకాశం, తెలుగు అవసరం అక్కర. అక్కడ 'వ్యవసాయ్' అంటే వృత్తి, వ్యాపారం. ఇక్కడ వ్యవసాయం నాగలి పట్టేది. అక్కడ 'ఆగ్రహ్' చేయడమంటే పట్టుబట్టి కోరడం, ఇక్కడ ఆగ్రహిస్తే కోపం. అతిథిని భోజనానికి కూర్చోమని ఆగ్రహించిన గృహస్థు తెలుగు అనువాదంలో పాపం కోపిష్ఠి అయిపోతాడు.

వాక్యనిర్మాణంలో పాఠం ఇంకా సూక్ష్మం. 'జో లడ్కా కల్ ఆయా థా, వహ్ మేరా భాయీ హై' అన్న చిన్న హిందీ వాక్యాన్ని తీసుకోవచ్చు. "ఏ కుర్రవాడు నిన్న వచ్చాడో ఆ కుర్రవాడు నా సోదరుడు" అంటే అర్థమవుతుంది గాని తెలుగు కాదు. "నిన్న వచ్చిన కుర్రవాడు" అన్న కుదింపు తెలుగుకు సహజం. 'కల్' అన్న మాట నిన్నకూ, రేపటికీ ఒకటే కనుక క్రియను చూసి నిర్ణయించాలి. ఇక 'భాయీ'. తెలుగువాడు ముందు అన్నా, తమ్ముడా అని అడుగుతాడు. సమాధానం కావాలంటే అనువాదకుడు కథ అంతా వెదకాలి. 'చాచా' అన్న పిలుపును ఒకచోట బాబాయి అనీ, మరొకచోట చిన్నాయన అనీ, ఇంకొకచోట కాక అనీ అనవలసి ఉంటుంది. ఇంత శోధించిన తరువాత అతడు తన సొంత కథ రాసేటప్పుడు ఏ పిలుపునూ యథాలాపంగా వాడడు.

చక్రపాణిగా పేరొందిన ఆలూరి వెంకటసుబ్బారావు క్షయవ్యాధితో మదనపల్లె శానిటోరియంలో ఉన్న కాలంలో తోటి రోగి ద్వారా బెంగాలీ నేర్చుకొన్నారు. మంచం పట్టిన దినాలను ఆయన వృథా పోనివ్వలేదు. తరువాత శరత్‌చంద్ర నవలలను తెలుగు చేశారు. శరత్ తెలుగు రచయితే అనుకొన్న పాఠకులు ఉండేవారంటారు. ఆ చక్రపాణి, బి. నాగిరెడ్డిగారితో కలిసి 1947లో ప్రారంభించిన 'చందమామ' పిల్లలకు సరళమైన తెలుగును అలవాటు చేసింది. 1952 నుంచి 1980 వరకు ఆ పత్రిక భాషకు పదును పెట్టిన కొడవటిగంటి కుటుంబరావు వ్యాసం, కథ, నవల అన్నింటిలోనూ అదే పొదుపును పాటించారు.

వారానికి ఒక్క పేరా చాలు. హిందీ నుంచి గాని, తెలిసిన మరే భాష నుంచి గాని తెలుగు చేసి, మూలాన్ని పక్కన పెట్టి, తెలుగును తెలుగుగా చదువుకోవాలి. ఎక్కడ తడబాటు వస్తుందో అక్కడ మూల భాష ఇంకా వదలలేదన్నమాట.

తిరిగివచ్చిన రచన

ఏ రచయితకైనా తప్పని ఘట్టం ఒకటున్నది. పంపిన రచన తిరిగి వస్తుంది, లేదా జవాబే రాదు. అప్పుడు ప్రేమ్‌చంద్ జీవితంలోని మరొక ఘట్టాన్ని స్మరించుకోవచ్చు. నవాబ్‌రాయ్ పేరుతో ఆయన ఉర్దూలో రాసిన 'సోజే వతన్' కథల సంపుటి 1908లో వెలువడింది. అందులో రాజద్రోహం ఉన్నదని బ్రిటిష్ అధికారులు దానిని స్వాధీనం చేసుకొని ప్రతులను తగులబెట్టించారు. ఇక ముందు అనుమతి లేనిదే ఏమీ ప్రచురించరాదని ఆంక్ష పెట్టారు. ఆయన రాయడం మానలేదు, పేరు మార్చుకొన్నాడు. ఆ కొత్త పేరే ప్రేమ్‌చంద్. 'సేవాసదన్' నవలను ఉర్దూలో రాసినా ముందుగా అచ్చయినది హిందీలో. ఒక భాషలో తలుపు మూసుకొన్నప్పుడు మరొక భాషలో తట్టిన ఆ మనిషి 1936లో 'గోదాన్'ను అందించి, అదే సంవత్సరం కన్నుమూశాడు.

తిరిగివచ్చిన రచనను చింపివేయడం సులభం. దానిని నెలరోజులు పక్కన పెట్టి, ఎర్రసిరాతో తానే సంపాదకుడై చదవడం కష్టం. కాని రెండవ పని చేసినవాడికే మూడవ ప్రతి అబ్బుతుంది. సంపాదకుడు కారణం రాసి పంపితే అది అయాచితంగా దొరికిన పాఠం. కారణం రాయకపోతే చదివిన మిత్రులు ఇద్దరిని అడగాలి. ఇద్దరూ ఒకే చోట వేలు పెడితే లోపం అక్కడే ఉన్నది. ఇద్దరూ చెరొక చోట చూపితే రచయిత తన విచక్షణనే నమ్ముకోవాలి.

1954లో సాహిత్య అకాడమీ, 1957లో నేషనల్ బుక్ ట్రస్టు ఏర్పడిన తరువాత ఒక భారతీయ భాషలోని మంచి పుస్తకం మరొక భాషకు చేరే దారి సుగమమయింది. 1989 నుంచి అకాడమీ అనువాదకులకు ప్రత్యేక పురస్కారాలు ఇస్తున్నది. అంటే, అనంతపురం మెట్ట పొలంలో వేరుసెనగ పెరికే చేతుల కథను ఒక పంజాబీ రైతు చదవగల మార్గం ఉన్నది. కాని ఆ మార్గంలో ప్రయాణించడానికి ముందుగా ఆ కథ తెలుగులో, ఆ ఊరి మాటలో, స్పష్టంగా రాయబడి ఉండాలి. దానిని మరెవరూ రాయలేరు. అచ్చు ముఖం చూడని మొదటి ప్రతి, ఎర్రసిరా నిండిన రెండవ ప్రతి, బిగ్గరగా చదివి సరిచేసిన మూడవ ప్రతి, ఈ మూడు మెట్లు ఎక్కడానికి కావలసినవి ఒక నోటుపుస్తకం, ఒక కలం, రోజుకొక అరగంట. అవి దీపం ముందు కూర్చున్న ఆ అమ్మాయి దగ్గర ఉన్నాయి. ఆమె కలం కింద పెట్టకుండా ఉంటే చాలు.